ఊళ్ళు తిరిగే బండి

చీరాల పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో చీరలమ్మే ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి ఇల్లాలిని ఊరంతా చీరలక్క అంటారు. అసలు పేరు రేషను కార్డు మీదే కనబడుతుంది.

చీరలక్క భర్త పొద్దున ఏడింటికి బండి మీద మూటలు కట్టుకుంటాడు. వేటపాలెం, పర్చూరు, ఇంకొల్లు వైపు పల్లెలు తిరుగుతాడు. ఒక్కో రోజు ఒక్కో దిక్కు. చీరలు వాయిదాల మీద ఇస్తాడు. వారం వారం వసూలు చేసుకుంటాడు. పొద్దుగూకాక ఇల్లు చేరతాడు. రోజుకు 80 కిలోమీటర్ల తిరుగుడు. నెలకు 25 రోజులు. అంటే నెలకు 2,000 కిలోమీటర్లు.

ఆ ఇంటికి పొలం లేదు. గేదె లేదు. వాళ్ళకు బండే పొలం, బండే గేదె. బండి నడిస్తే అన్నం. నిలిస్తే పస్తు.

ఒక రాత్రి భర్త అన్నం ముందు కూర్చుని, "ఈ బండి పెట్రోలు తాగేస్తోందే" అన్నాడు. "ఇదివరకు రోజుకు నూట యాభైకి పోయిస్తే సరిపోయేది. ఇప్పుడు రెండొందలు పోయిస్తే గానీ ఇల్లు చేరటం లేదు. వెనక టైరు కూడా నున్నగా అయిపోయింది."

"టైరు మొన్ననే గదయ్యా మార్చాం?" అంది చీరలక్క.

నిజమే. బండితో వచ్చిన మొదటి టైరు 26,000 కిలోమీటర్లు నడిచింది. రెండో టైరు ఆరు నెలలకే, 12,000 కిలోమీటర్లకే అరిగిపోయింది. మొదటి దానిలో సగం కూడా నడవలేదు.

భర్త అప్పటికే మెకానిక్కుకు చూపించాడు. "ఇంజను వీకయింది, విప్పాలి. ఏడు వేలవుతుంది" అన్నాడట మెకానిక్కు. టైరుకు ఇంకో రెండు వేలు. మొత్తం తొమ్మిది వేలు.

"పొదుపు సంఘంలో అప్పు తీసుకోవే" అన్నాడు భర్త.

చీరలక్క కాసేపు మాట్లాడలేదు. సంఘంలో అప్పు ఆమె పేరు మీదే వస్తుంది. నెలనెలా కట్టాల్సిందీ ఆమే. పాత అప్పు ఇంకా రెండు వాయిదాలుంది.

"అప్పు సంగతి తరవాత. ముందు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తోందో చెప్పు" అంది.

భర్త దగ్గర జవాబు లేదు. చాలా ఇళ్ళలో ఇదే సంగతి. పెట్రోలు రూపాయల్లో పోయిస్తారు. వందకు, రెండొందలకు. ఎన్ని లీటర్లు పడిందో చూడరు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయరు. "తాగేస్తోంది" అనే మాట మాత్రం మిగులుతుంది.

మీటరు చదవడం

లీటరు పెట్రోలుకు బండి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో దాన్నే మైలేజీ అంటారు. దాన్ని తెలుసుకోవడానికి మెకానిక్కు అక్కర్లేదు. నోటు పుస్తకం, పెన్సిలు చాలు.

బండి హ్యాండిలు దగ్గర మీటరుంటుంది. అందులో ముల్లు తిరిగేది వేగం చెబుతుంది. దాని కింద ఒక గళ్ళ వరసలో అంకెలుంటాయి. బండి పుట్టినప్పటి నుంచి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ అంకెలు చెబుతాయి.

చీరలక్క మొదటిసారి ఆ అంకెలు చూసి పుస్తకంలో 3,84,126 అని రాసుకుంది. మూడు లక్షల ఎనభై నాలుగు వేలు! రెండేళ్ళు కూడా నిండని బండి అంత తిరుగుతుందా? మళ్ళీ వెళ్ళి చూసింది. చివరి గడిలోని అంకె వేరే రంగులో ఉంది. అది కిలోమీటరులో పదో వంతు. దాన్ని వదిలెయ్యాలి. అప్పుడు అసలు సంఖ్య 38,412. కొత్త బండ్లలో ఈ అంకెలు గడియారంలో లాగా వెలుగుతాయి. అక్కడ పదో వంతు చూపిస్తే దానికి ముందు చుక్క ఉంటుంది.

ఆమె చెప్పినట్టే భర్త ఆ రోజు ట్యాంకు నిండా పోయించాడు. ఒకేసారి వెయ్యి రూపాయలకు పెట్రోలంటే ఆయనకు ప్రాణం ఒప్పలేదు. "పోసింది ఎక్కడికి పోతుందయ్యా, ట్యాంకులోనే గదా ఉంటుంది" అంది చీరలక్క.

ట్యాంకు నిండింది. మీటరు 38,412. పుస్తకంలో రాసింది.

మూడు రోజులు ఎప్పటిలాగే తిరిగాడు. మూడో రోజు సాయంత్రం అదే బంకులో, మళ్ళీ అంతే మట్టానికి నింపించాడు. మీటరు 38,642. పట్టిన పెట్రోలు 5 లీటర్లు. చిల్లర వదిలేద్దాం.

38,642లో నుంచి 38,412 తీసేస్తే 230. అంటే 230 కిలోమీటర్లు తిరగడానికి 5 లీటర్లు ఖర్చయింది. 230ని 5తో భాగిస్తే 46.

లీటరుకు 46 కిలోమీటర్లు.

కొత్తలో 60 వచ్చేదని భర్త గుర్తు. అంటే లీటరుకు 14 కిలోమీటర్లు ఎటో పోతున్నాయి. లీటరు పెట్రోలు 110 రూపాయలనుకుంటే, రోజుకు 80 కిలోమీటర్లకు అప్పట్లో 147 రూపాయలయ్యేది. ఇప్పుడు 191 అవుతోంది. రోజుకు 44 రూపాయలు. నెలకు 1,100 రూపాయలు. సంఘంలో కట్టే వాయిదా కంటే ఎక్కువ.

దొంగ ఎవరు?

"బంకోడు తక్కువ పోస్తున్నాడు" అన్నాడు భర్త. ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఇదే. అనుమానముంటే తీర్చుకోవచ్చు. ప్రతి బంకులో సీలు వేసిన ఐదు లీటర్ల కొలత డబ్బా ఉంటుంది. కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అలాగే ఫిల్టరు కాగితం అడగవచ్చు. దాని మీద ఒక చుక్క పెట్రోలు వేస్తే రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. మరక మిగిలితే కల్తీ ఉన్నట్టు.

భర్త అడిగించాడు. కుర్రాడు ముందు విసుక్కున్నాడు గానీ డబ్బా తెచ్చాడు. కొలత గీత దగ్గరే ఆగింది. కాగితం మీద మరక లేదు. బంకు దొంగ కాదు.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది. చెరకు మడ్డి నుంచి, ధాన్యం నుంచి తీసే సారం అది. 2025 నాటికి మన దేశంలో ఇది నూటికి 20 పాళ్ళకు చేరింది. ఇథనాలుకు పెట్రోలంత సత్తువ లేదు, సుమారు మూడింట రెండు వంతులే. అందుకని మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. కానీ ఆ తగ్గుదల లీటరుకు రెండు మూడు కిలోమీటర్లే. పద్నాలుగు తగ్గితే నేరం ఇథనాలు మీద వెయ్యలేం.

మరి ఇంజనా? ఇంజను లోపల అరిగితే కొన్ని గుర్తులుంటాయి. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుంది. ఇంజనాయిలు తరిగిపోతుంది. బరువు లాగలేక బండి మూలుగుతుంది. చీరలక్క పొద్దున్నే బండి వెనక నిలబడి చూసింది. పొగ లేదు. ఆయిలు మట్టం చూస్తే సరిగ్గా ఉంది. అలాంటప్పుడు ఏడు వేలు పెట్టి ఇంజను విప్పడానికి తొందరేముంది? మెకానిక్కు మోసం చేశాడని కాదు. ఆయన ఇంజను శబ్దం విన్నాడు. టైరు వంక చూడలేదు.

టైరును చూడాల్సింది. పెట్రోలు ఎటు పోతోందో అది చెబుతుంది.

టైరు చెప్పే సాక్ష్యం

టైరు మీద గాట్లుంటాయి. వాటినే గ్రిప్పు అంటారు. వానలో రోడ్డు మీద నీళ్ళుంటే ఆ నీళ్ళు గాట్లలోకి తప్పుకుంటాయి. రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. గాట్లు అరిగిపోతే నీళ్ళు తప్పుకోవడానికి దారి లేదు. టైరు నీళ్ళ మీద జారుతుంది. అంతకు ముందు నెలలో కాలవ వంతెన మీద చీరలక్క భర్త జారి పడ్డాడు. చిన్న జల్లు, అంతే. మోచెయ్యి చెక్కుకుపోయింది. రెండు చీరలు బురదయ్యాయి. వెనక లారీ ఏదీ లేదు కాబట్టి మోచేతితో పోయింది. "వాన పడింది, జారాను" అన్నాడే గానీ టైరును తలచుకోలేదు.

టైరు ఎంత అరిగిందో టైరు మీదే గుర్తుంటుంది. పక్కన టి.డబ్ల్యు.ఐ. అని ఇంగ్లీషు అక్షరాలు గానీ, చిన్న ముక్కోణం బొమ్మ గానీ ఉంటుంది. దానికి ఎదురుగా గాటు లోపల రబ్బరు గడప లాగా కాస్త ఎత్తుగా ఉంటుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి అరిగి ఆ గడపతో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. ఇంకా నడిపితే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే.

ఎంత అరిగిందన్నది ఒక సంగతి. ఎక్కడ అరిగిందన్నది అంతకంటే పెద్ద సంగతి.

నడిమధ్య మాత్రమే ఎక్కువ అరిగితే గాలి మరీ ఎక్కువైందేమో చూడాలి. తిన్నని రోడ్ల మీద తిరిగే బండికి వెనక టైరు మధ్యలో కాస్త ముందు అరగడం మామూలే. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే చక్రం వంకరగా కూర్చుంది. ఒకచోట మాత్రం చదునుగా అరిగితే బ్రేకు తొక్కి చక్రాన్ని ఈడ్చినట్టు. అక్కడక్కడా గుంటలు పడితే షాకప్పులు పాడయ్యాయేమో చూపించాలి.

చీరలక్క టైరు చుట్టూ వేలు పెట్టి తడిమింది. రెండు అంచులూ నున్నగా ఉన్నాయి. ఎడమ అంచు ఇంకాస్త ఎక్కువ అరిగింది. మధ్యలో కొంచెం గాట్లు మిగిలాయి. అంటే గాలి తక్కువ, పైగా చక్రం కాస్త వంకర.

మూట మనిషి కాదా?

మర్నాడు పొద్దున బండి ఎక్కక ముందే పంక్చరు షాపు కుర్రాడి చేత గాలి కొలిపించారు. తిరిగి వచ్చిన టైరు వేడిగా ఉంటుంది. వేడికి లోపలి గాలి ఎక్కువ చూపిస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వెనక టైరులో 17 చూపించింది.

ఎంత ఉండాలి? అది కుర్రాణ్ణి అడగక్కర్లేదు. బండి చైను కవరు మీద గానీ, బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ రాసి ఉంటుంది. చీరలక్క కవరు మీద మట్టి తుడిచి చదివింది. ముందు టైరుకు 25. వెనక టైరుకు రెండు అంకెలున్నాయి. ఒక్కరే నడిపితే 28. వెనక ఇంకొకరు కూర్చుంటే 40. వేరే బండ్లకు అంకెలు వేరుగా ఉంటాయి. ఎవరి బండి మీద ఉన్నది వాళ్ళు చదువుకోవాలి.

"నేనొక్కణ్ణే గదా" అని భర్త ఎప్పుడూ 28 కొట్టించేవాడు. అదీ నెలకోసారి. రబ్బరు ట్యూబులో గాలి పంక్చరు లేకపోయినా మెల్లగా దిగుతుంది. నెల తిరిగేసరికి 17.

"వెనక మనిషి లేడంటావు. మరి మూట మనిషి కాదా?" అంది చీరలక్క.

కిరాణా కొట్టు కాటా మీద మూటలు తూచారు. వెనక మూట 46 కిలోలు. ముందు ట్యాంకు మీద పెట్టే మూట 26 కిలోలు. రెండూ కలిపి 72. భర్త బరువు 62. మొత్తం 134 కిలోలు. ఆ బండి మనిషితో సహా 130 కిలోల కంటే మొయ్యకూడదని పుస్తకంలో ఉంది. ఎనిమిది నెలల క్రితం దుప్పట్లు కూడా అమ్మడం మొదలుపెట్టినప్పుడు మూటలు పెరిగాయి. గాలి మాత్రం పెరగలేదు. మైలేజీ తగ్గడం కూడా అప్పటి నుంచే.

గాలి తక్కువైతే పెట్రోలు ఎందుకు తాగుతుంది? నెత్తిన నీళ్ళ బిందెతో తారు రోడ్డు మీద నడవండి. అదే బిందెతో వాడరేవు ఇసుకలో నడవండి. దూరం ఒకటే, బిందె ఒకటే. కానీ ఇసుకలో పిక్కలు పీకుతాయి. గాలి తగ్గిన టైరు రోడ్డుకు అతుక్కుని అణుగుతుంది. చక్రం తిరిగే ప్రతిసారీ రబ్బరు నలిగి మళ్ళీ సాగాలి. ఆ నలుగుడుకు ఇంజను సత్తువ కొంత పోతుంది. నలిగిన రబ్బరు వేడెక్కుతుంది. వేడెక్కిన రబ్బరు తొందరగా అరుగుతుంది. పెట్రోలునూ టైరునూ ఒకే రోగం తింటోందన్న మాట. మరీ వేడెక్కితే టైరు నడి రోడ్డు మీద పేలవచ్చు కూడా.

వెనక టైరులో 40 కొట్టించారు. అంతకు మించి కొట్టించలేదు. ఎక్కువ కొడితే బండి ఎగురుతుంది, బ్రేకు పట్టదు. దుప్పట్లలో సగం ఇంట్లో వదిలి, రోజు విడిచి రోజు పట్టుకెళ్ళాలని అనుకున్నారు.

చీరలక్క ఇక్కడ ఒక తెలివైన పని చేసింది. మిగతా పనులన్నీ వెంటనే చేయించలేదు. అన్నీ ఒకేసారి బాగుచేస్తే దేని వల్ల ఎంత వచ్చిందో తెలియదు. కూరలో ఉప్పు, కారం ఒకేసారి పెంచితే ఏది ఎక్కువైందో తెలుస్తుందా? గాలి ఒక్కటే సరిచేసి మళ్ళీ ట్యాంకు నింపించింది. ఈసారి 5 లీటర్లకు 250 కిలోమీటర్లు వచ్చాయి. లీటరుకు 50.

ఆరని ఎర్ర లైటు

ఒక పొద్దున చీరలక్క వాకిట్లో నిలబడి భర్తను సాగనంపుతోంది. ఇంకా మసక చీకటిగా ఉంది. బండి వీధి చివరి వరకూ పోయింది. వెనక ఎర్ర లైటు బాగా వెలుగుతూనే ఉంది. మలుపు దాకా ఆరలేదు.

బ్రేకు తొక్కితే గదా ఆ లైటు అంతగా వెలిగేది? ఎదురుగా ఎవరూ లేరే, బ్రేకెందుకు?

సాయంత్రం అడిగింది. "నేను బ్రేకు తొక్కలేదు" అన్నాడు. బండి మీద మూటలతో కూర్చోబెట్టి చూసింది. ట్యాంకు మీది మూట ఆయన మోకాళ్ళను పక్కకు నెడుతోంది. కాలు చాపడానికి చోటు లేక కుడి పాదం బ్రేకు మీద ఆనుతోంది. ఆయనకు తెలియనే తెలియదు. రోజంతా ఒక కాలితో బండిని ఆపుతూ, చేత్తో పెట్రోలు ఇస్తూ తిరుగుతున్నాడు!

బండిని డబుల్ స్టాండు వేసి, గేరు తీసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పారు. బాగున్న చక్రం చెయ్యి తీశాక కూడా కొన్ని చుట్లు తిరగాలి. ఇది అర చుట్టు తిరిగి ఆగింది. గరగరమని చప్పుడొచ్చింది. కాలు లేకపోయినా బ్రేకు పట్టుకునే ఉందన్న మాట. దీనికి కారణం ఉంది. నెల కిందట చైను బిగించారు. చైను బిగించాలంటే వెనక చక్రాన్ని కాస్త వెనక్కి జరుపుతారు. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు కడ్డీ లాక్కుని బ్రేకు తనంతట తనే బిగుసుకుంటుంది. అందుకే చైను బిగించిన ప్రతిసారీ బ్రేకు నట్టు కూడా చూసుకోవాలి. తొక్కుడు బ్రేకు రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే దిగి, ఆ తరవాత పట్టాలి. తిరిగి వచ్చిన బండి చక్రం మధ్య భాగం బాగా వేడెక్కి ఉంటే బ్రేకు రాసుకుంటున్నట్టే. ముట్టుకోవద్దు, చెయ్యి దగ్గరగా పెడితే చాలు. పక్కనే సైలెన్సరు కూడా కాలుతూ ఉంటుంది, జాగ్రత్త.

మెకానిక్కు షాపులో పనిచేసే కుర్రాడు నట్టు వదులు చేశాడు. ఐదు నిమిషాల పని. ట్యాంకు మీది మూటను చీరలక్క విప్పేసింది. పొడుగ్గా రెండు సంచులు కుట్టి, వెనక సీటుకు అటూ ఇటూ వేలాడదీసింది. రెండు వైపులా బరువు సమానంగా సర్దింది. బరువు కిందికి ఉంటే బండి ఊగదు. వెనక్కి మరీ జరిగితే ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు వణుకుతుంది. అందుకని సంచులను వీలైనంత ముందుకు, సీటు దగ్గరకు కట్టింది. గుడ్డ సంచి చక్రంలోకి గానీ, చైనులోకి గానీ పోకుండా లోపలి వైపు తాడు బిగించింది. ఈ తాడు విషయం చాలా ముఖ్యం. చీర కొంగు చక్రంలో పడి ప్రాణాలు పోయిన సంగతులు మీరు విన్నవే.

మళ్ళీ ట్యాంకు నింపారు. 5 లీటర్లకు 275 కిలోమీటర్లు. లీటరుకు 55.

చైను, గాలి బుట్ట

చైను సంగతి త్వరగా చెప్పుకుందాం. చైను ఎండిపోయి తుప్పు రంగులో ఉంది. చీరాల వైపు ఉప్పు గాలి, పైగా కంకర రోడ్ల దుమ్ము. చైనును తుడిచి ఆయిలు పెట్టించారు. కింది చైను మధ్యలో వేలితో ఎత్తితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. బిగుతుగా ఉంటే ఇంజను సత్తువను తింటుంది. వదులుగా ఉంటే ఊడిపోతుంది.

చక్రం ఇరుసుకు రెండు పక్కలా గీతలుంటాయి. కుడి పక్క ఏ గీత దగ్గరుంటే ఎడమ పక్కా అదే గీత దగ్గర ఉండాలి. చీరలక్క లెక్కపెట్టింది. ఒక పక్క మూడో గీత, ఇంకో పక్క నాలుగో గీత! ఎడమ అంచు ఎక్కువ అరగడానికి కారణం ఇదే. కుర్రాడు గీతలు సరిచేసి, వెంటనే బ్రేకు కూడా చూశాడు. చూడమని చెప్పింది చీరలక్కే.

ఇంజను ఊపిరి పీల్చే చోట ఎయిర్ ఫిల్టరు ఉంటుంది. కాగితం మడతల బుట్ట అది. దుమ్ము పట్టి మూసుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు. ఆయిలు పట్టించిన కాగితం రకమైతే కడగకూడదు, పుస్తకంలో చెప్పినన్ని కిలోమీటర్లకు మార్చెయ్యాలి. భర్త కొన్నప్పటి నుంచీ దాని మూత తియ్యలేదు. కొత్తది వేయించారు.

ఇంకో అలవాటు కూడా మానాడు. వసూలుకు వెళ్ళినప్పుడు గుమ్మం ముందు బండి ఆపకుండా మాట్లాడేవాడు. ఇప్పుడు ఇంజను ఆపేస్తున్నాడు. దారిలో 40, 50 వేగం దాటడం లేదు.

చివరి లెక్క 5 లీటర్లకు 285 కిలోమీటర్లు. లీటరుకు 57. పాత 60 రాలేదు. మూటల బరువుంది, పెట్రోలులో ఇథనాలుంది. ఆ మూడు కిలోమీటర్ల కోసం ఇంజను విప్పడం దండగ. రోజుకు 191 రూపాయల పెట్రోలు 154కు దిగింది. నెలకు 900 రూపాయలకు పైనే మిగులుతోంది. ఏడు వేల అప్పు తప్పింది.

కొత్త టైరు కొనడం

టైరు మాత్రం మార్చక తప్పలేదు. ఆ రెండు వేలు చీరలక్క తన దగ్గర దాచిన డబ్బులో నుంచి తీసింది. "టైరు కొనడానికి నువ్వెందుకు, ఎండలో" అన్నాడు భర్త. ఆమె చెప్పులు తొడుక్కుంది.

టైరు పక్క గోడ మీద చాలా రాతలుంటాయి. పాత టైరు చూసి చీరలక్క పుస్తకంలో రాసుకుంది. 80/100-18. ఇందులో 80 అంటే టైరు వెడల్పు 80 మిల్లీమీటర్లు. 100 అంటే ఎత్తు వెడల్పులో నూటికి నూరు పాళ్ళు, అంటే అంతే. 18 అంటే చక్రం 18 అంగుళాలు. ఆ పక్కన 54 అని ఉంది. అది బరువు గుర్తు. 54 అంటే ఆ ఒక్క టైరు 212 కిలోల వరకూ మోస్తుంది. మూటలు మోసే బండికి ఈ అంకె తగ్గకూడదు. ఇవి పాత టైరుతో సరిపోవాలి.

షాపులో ఒక టైరు తీసి పెట్టారు. "అక్కా, ఇది రెండు వందలు తగ్గించి ఇస్తా" అన్నాడు షాపతను.

చీరలక్క టైరును తిప్పి చూసింది. కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలున్నాయి. 1119. ఆ అంకెలు టైరు పుట్టిన రోజు లాంటివి. మొదటి రెండూ వారం. తరవాతి రెండూ సంవత్సరం. 2019లో పదకొండో వారంలో తయారైంది. వాడకపోయినా రబ్బరు ఏళ్ళ తరబడి ఉంటే గట్టిపడుతుంది, పగుళ్ళు వస్తాయి. గాట్లు నిండుగా ఉన్నా రోడ్డును పట్టుకోదు.

"ఇది 2019ది. ఈ మధ్యది చూపించు తమ్ముడూ" అంది.

షాపతను ఆమె వంకా, టైరు వంకా చూశాడు. లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. అది కిందటేడాదిది. రెండు వందల తగ్గింపు లేదు. చీరలక్క దాన్నే తీసుకుంది. ట్యూబు కూడా కొత్తది వేయించింది. టైరు మీద బాణం గుర్తుంది. బండి ముందుకు పోయేటప్పుడు చక్రం ఆ బాణం వైపే తిరగాలి. బిగించేటప్పుడు దగ్గరుండి చూసింది.

పుస్తకంలో రాసింది: కొత్త వెనక టైరు. మీటరు 39,870. గాలి 40.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున గాలి కొలిపిస్తారు. కొలత చీరలక్క రాస్తుంది. ఒక ఆదివారం భర్త నిద్ర లేవలేదు. బండిని ఆమే తోసుకుంటూ పంక్చరు షాపుకు తీసుకెళ్ళింది.

మీరు చెయ్యండి

పాలు పోసే ఒక ఇంట్లో బండి ఉంది. ట్యాంకు నింపినప్పుడు మీటరు 21,540. మళ్ళీ నింపినప్పుడు 21,800. పట్టింది 5 లీటర్లు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి?

రెండు నెలల తరవాత అదే బండి 5 లీటర్లకు 225 కిలోమీటర్లే నడిచింది. వెనక టైరు రెండు అంచులూ అరిగాయి. బండికి అటూ ఇటూ రెండు పాల క్యాన్లు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి 40 లీటర్లది. పొగ లేదు. ముందు ఏది చూడాలి? క్యాన్లు నిండితే బరువు ఎంత ఉంటుంది? ఆ బండిలో గాలి ఒక్కరి లెక్క కొట్టించాలా, ఇద్దరి లెక్కా?